మల్లవల్లి బస్సు కర్మాగారం: పెట్టుబడి నిర్ణయం, నిరీక్షణ, సంస్థ విలువ (2018–2025)

వ్యాససంగ్రహం: కంపెనీల ఆర్థిక నిర్ణయాలు షేరు రాబడిని, సంస్థ విలువను ఎలా ప్రభావితం చేస్తాయన్న ప్రశ్నను కృష్ణా జిల్లా బాపులపాడు మండలం మల్లవల్లిలోని అశోక్ లేలాండ్ కర్మాగారం చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పెట్టుబడి నిర్ణయం, డివిడెండు, నిరీక్షణ విలువ, బోనస్ షేర్లు, మల్లవల్లి.

1. ఉపోద్ఘాతం

సంస్థ ఆర్థిక నిర్ణయాలు ప్రధానంగా మూడు: పెట్టుబడి, నిధుల సేకరణ, లాభాల పంపిణీ. పన్నులు, లావాదేవీ ఖర్చులు లేని పరిపూర్ణ విపణిలో సంస్థ విలువ అప్పు, ఈక్విటీల నిష్పత్తిపై ఆధారపడదని మొడిగ్లియాని, మిల్లర్ 1958లో ప్రతిపాదించారు. డివిడెండు విధానానికీ ఇదే వర్తిస్తుందని 1961లో నిరూపించారు. ఈ దృష్టితో చూస్తే విలువకు మూలం పెట్టుబడి నిర్ణయమే. ఎంత, ఎక్కడ అన్న ప్రశ్నలతోపాటు ఎప్పుడు అన్న ప్రశ్న కూడా అందులో భాగం. మల్లవల్లి ఉదంతంలో కీలకమైనది ఈ మూడవ ప్రశ్నే.

2. చారిత్రక నేపథ్యం

1948లో అశోక్ మోటార్స్‌గా ప్రారంభమైన ఈ సంస్థ, 1955లో బ్రిటన్‌కు చెందిన లేలాండ్ మోటార్స్ భాగస్వామ్యంతో అశోక్ లేలాండ్ అయింది. 1987లో హిందూజా సమూహం ఇందులో ప్రవేశించింది. నూజివీడు మామిడితోటలకు చేరువలో ఉన్న మల్లవల్లి పారిశ్రామికవాడలో బస్సు కర్మాగారానికి 2018 మార్చిలో శంకుస్థాపన జరిగింది. 75 ఎకరాల ఈ కర్మాగారం 2025 మార్చి 19న ప్రారంభమైంది. ఏటా 4,800 బస్సుల వరకు తయారుచేయడం లక్ష్యం. శంకుస్థాపనకూ ప్రారంభానికీ మధ్య ఏడేళ్లు గడిచాయి.

3. మందగమనం – డివిడెండు

ఆ ఏడేళ్లలో వాణిజ్య వాహనరంగం తీవ్రమైన ఒడిదుడుకులకు లోనైంది. సంస్థ మొత్తం అమ్మకాలు 2018-19లో 1,97,366 వాహనాలు కాగా, 2020-21లో 1,00,715కు పడిపోయాయి. కోవిడ్ కాలంలో విద్యాసంస్థలు మూతపడి, ప్రయాణాలు తగ్గి బస్సుల గిరాకీ మరింత దెబ్బతిన్నది. 2022-23లో అమ్మకాలు తిరిగి 1,92,205కు చేరాయి.

డివిడెండు కూడా ఇదే బాటలో నడిచింది. 2018-19లో షేరుకు రూ.3.10 ఇచ్చిన సంస్థ మరుసటి ఏడాది రూ.0.50తో సరిపెట్టింది. 2023-24లో రూ.4.95, 2024-25లో రూ.6.25 చెల్లించింది. సంస్థలు డివిడెండును తగ్గించడానికి సహజంగా వెనుకాడతాయని లింట్నర్ 1956లోనే గుర్తించాడు. కనుక ఇంత పెద్ద కోత నగదును కాపాడుకోవాలన్న నిర్ణయానికి స్పష్టమైన సూచన.

4. నిరీక్షణ విలువ ఎవరిది?

వెనక్కి తీసుకోలేని పెట్టుబడిని, భవిష్యత్తు అనిశ్చితంగా ఉన్నప్పుడు వాయిదా వేయడానికి కూడా విలువ ఉంటుందని మెక్‌డొనాల్డ్, సీగెల్ 1986లో చూపారు. గిరాకీ సగానికి పడిపోయిన కాలంలో కొత్త కర్మాగారం నడిపి ఉంటే స్థిరవ్యయాలు వాటాదారులపై భారమయ్యేవి. ప్రభుత్వ మార్పు, విధానాల మార్పు వంటి ఇతర కారణాలనూ కొట్టిపారేయలేం కనుక, జాప్యమంతా ఆర్థిక గణనతోనే జరిగిందని అనలేం. అయినా దాని ఫలితం వాటాదారునికి రక్షణగానే పరిణమించింది.

స్థానికుల లెక్క వేరు. మామిడి అంటు నాటిన రైతు కాపు కోసం కొన్నేళ్లు ఎదురుచూస్తాడు. ఆ ఖర్చూ అతనిదే, ఫలమూ అతనిదే. కర్మాగారం విషయంలో ఎదురుచూసే హక్కు సంస్థది, ఎదురుచూపుల భారం ఉపాధి ఆశించిన యువతది. ఈ భారం షేరు ధరలో గాని, ఆస్తి అప్పుల పట్టికలో గాని కనిపించదు.

5. పరిశోధకులకు ఒక హెచ్చరిక

2025లో సంస్థ 1:1 నిష్పత్తిలో బోనస్ షేర్లు జారీచేసింది. దీనివల్ల షేర్ల సంఖ్య రెట్టింపయి, ఒక్కో షేరు ధర ఆ మేరకు తగ్గుతుంది. సంస్థ ఆస్తులు మాత్రం మారవు. పాత ధరలను, డివిడెండ్లను సవరించకుండా రాబడి లెక్కిస్తే లేని నష్టం ఉన్నట్లు తేలుతుంది.

6. ముగింపు

సంస్థ విలువను నిలబెట్టిన నిర్ణయమే ఒక ప్రాంతానికి కోల్పోయిన కాలం కావచ్చునని మల్లవల్లి ఉదంతం తెలుపుతున్నది. కనుక ప్రభుత్వాలు భూమి కేటాయించేటప్పుడు ఉత్పత్తి ప్రారంభానికి గడువును, గడువు మీరితే చెల్లించవలసిన మూల్యాన్ని ఒప్పందంలోనే నిర్దేశించడం సమంజసం. అప్పుడే నిరీక్షణ ఖర్చు సంస్థ పెట్టుబడి గణనలోకి చేరుతుంది.