గుంట ఓనమాల చరిత్ర

పసిపిల్లలకు అక్షరాలు ఆటల్లోనూ చేతిపనుల్లోనూ నేర్పాలనే భావం ఈనాడు మధ్యతరగతి ఇళ్ళలో బాగా ప్రచారంలో వున్నది. పిండిముద్దతో "అ" చేయించటం, చింతగింజలు పేర్చి "ఆ" కట్టించటం, గరుకు కాగితం మీద వేలు రాయించటం - వీటికి కావలసిన సరంజామా పెట్టెల్లో పెట్టి అమ్ముతున్నారు కూడా. ఇది పడమటినుంచి దిగిన కొత్త శాస్త్రమని కొనేవాళ్ళ నమ్మకం. కాదు, ఇదంతా మన పూర్వులకు తెలిసినదేనని వాదించేవాళ్ళు మరికొందరు. చరిత్ర చూస్తే ఇద్దరి మాటా చెల్లదు.

"గుంట ఓనమాలు కూడా రావు" అని మనం ఎగతాళికి వాడే మాటలో ఒక పాత బోధనా పద్ధతి దాగివున్నది. పిల్లవాడు నేలమీద ఇసుక పరుచుకుని, అందులో వేలితో అక్షరాలు దిద్దేవాడు. "ఓం నమః శివాయ సిద్ధం నమః" అన్నది ఆ వేలికింద నలిగి ఓనమాలయింది. ఈ పద్ధతికి మంచి సాక్ష్యం మన పండితులెవరూ రాసిపెట్టలేదు. ఒక తెల్లదొర రాసిపెట్టాడు.

1822లో మద్రాసు గవర్నరు మన్రో, జిల్లాల్లో ఎన్ని బళ్ళున్నాయో, ఎవరు చదువుతున్నారో లెక్కలు పంపమని ఉత్తరువు చేశాడు. బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823 ఆగస్టులో జవాబు రాశాడు. ఆయన 1816లో తెలుగు వ్యాకరణమూ, 1821లో తెలుగు నిఘంటువూ వెలువరించినవాడు గనక అంకెలతో సరిపెట్టుకోలేదు. అప్పటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసివుండేది. జిల్లా మొత్తంమీద 533 బళ్ళు, 6,641 మంది పిల్లలు. ఆ బళ్ళలో కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226.

చదువు ఇంట్లోనే మొదలయ్యేదని ఆయన రాశాడు. అందుకు పిల్లవాడికి అయిదేళ్ళు రావాలి. పంతులూ, బడిపిల్లలూ ఇంటికి వస్తారు. వినాయకుడి ఎదుట బియ్యం పోసి, పిల్లవాడి చెయ్యి పట్టుకుని అందులో దిద్దిస్తారు. మర్నాటినుంచి బడి. అక్కడ అక్షరాన్ని నోటితో వల్లించటంతో కాక, ఇసుకలో వేలితో రాయటంతోనే మొదలుపెట్టేవారు. వేలు తిరిగిన తరవాత తాటాకూ గంటమో, కలమూ కాగితమో, కడితమో. కడితమంటే బొగ్గూ అన్నపుపిండీ పట్టించి నల్లగా చేసిన గుడ్డ. మడతలు పెట్టుకోవచ్చు, బలపంతో రాసి తుడుచుకోవచ్చు. ఇంత కారుచౌకగా రాత నేర్పటం, పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించటం కాంబెల్‌కు ఎంతో నచ్చాయి.

ఇక్కడ మన పూర్వుల భక్తులు చంకలు గుద్దుకోనక్కరలేదు. పొద్దున బడికి మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు, రెండోవాడికి సున్న, మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు - వచ్చినకొద్దీ దెబ్బ పెరుగుతుంది. ఇసుక వున్నది గాని ఆట లేదు. వేలు నేర్చినదాన్ని ఆ తరవాత నోరు చెడగొట్టేది. పద్యాలు బట్టీ పట్టటమే గాని, వాటి భాష పిల్లవాడు ఇంట్లో మాట్లాడే భాష కాదు, అర్థం చెప్పే పంతులు అరుదు. ఈ సంగతి కూడా కాంబెల్ గుర్తించాడు. తొంభై ఏళ్ళ తరవాత గిడుగువారు పోరాడవలసివచ్చింది ఈ రోగంతోనే.

ఆ 6,641 మందిలో ఆడపిల్లలు అరవైమంది. మొత్తం జనంలో బడికి వెళ్ళేవాళ్ళు వెయ్యికి ఏడుగురు కూడా లేరు. తెల్లవారకముందే లేచి, వాకిట్లో చుక్కలు పెట్టి, ఆ చుక్కలను చుట్టుతూ మెలికల ముగ్గు పిండితో వేసే ఆడవాళ్ళు ఈ 533 బళ్ళ చుట్టూ వున్న ప్రతి ఊళ్ళోనూ వుండివుంటారు గదా! మన అక్షరాలన్నీ వంపులూ సున్నలే. ఆ వంపులు అంత నేర్పుగా తిప్పగల చేతికి "అ" రాయటం ఎంతసేపు? చేతికి నైపుణ్యం లేక వాళ్ళు నిరక్షరులు కాలేదు. అదే వాకిట్లో, అదే నేలమీద, కొడుకు వేలికి అక్షరం అందింది, తల్లి వేలికి అందలేదు. ఇక అక్షరాభ్యాసానికి పళ్ళెంనిండా బియ్యం పోసే ఇళ్ళు ఎన్ని, వండుకోను బియ్యం లేని ఇళ్ళు ఎన్ని అన్న లెక్క మన్రో అడగలేదు.

కాంబెల్ మాత్రం ఆ దరిదాపులకు వెళ్ళాడు. బళ్ళు క్షీణించటానికి దేశం బీదదైపోవటమే కారణమన్నాడు. ఇంగ్లండు నూలుబట్ట దిగి నేతగాళ్ళ బతుకు పోయింది. పిల్లల చేతులు ఏ కాస్త పనికి పనికివచ్చినా తల్లిదండ్రులు వాటిని పనిలో పెట్టక తప్పటం లేదు. కంపెనీ ఉద్యోగి కంపెనీకి రాసిన మాట ఇది. ఇసుకలో దిద్దవలసిన వేలు కూలికి పోయిందని దీని తాత్పర్యం.

విచిత్రమేమంటే, అప్పటికే ఆ ఇసుక సముద్రం దాటింది. 1789నుంచి మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమాన్ని చూసుకున్న ఆండ్రూ బెల్ అనే మతాధికారి, దేశీయబడిలో పిల్లలు ఇసుకలో రాయటం చూశాడు. తన ఉపాధ్యాయులు ఆ పద్ధతికి ఒప్పుకోకపోతే, ఎనిమిదేళ్ళ కుర్రవాడిచేత చిన్నపిల్లలకు అలాగే చెప్పించాడు. ఆ ప్రయోగం గురించి 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. లండన్‌లో లాంకాస్టర్ బీదపిల్లలకు పెట్టిన బడిలో కూడా ఇసుక బల్లలు వెలిశాయి. అయితే ఇంగ్లండు పాలకవర్గానికి ఇందులో నచ్చింది పిల్లవాడి ఆనందం కాదు, ఖర్చు. ఒక్క మాస్టరు, వందలమంది కార్మికుల పిల్లలు, క్రమశిక్షణ, కాగితం అక్కర్లేదు.

ఆటను చదువులోకి తెచ్చిన కీర్తి జర్మనీలో ఫ్రోబెల్‌ది. 1837లో ఆయన బంతులూ, కొయ్యదిమ్మలూ పసివాళ్ళ చేతుల్లో పెట్టాడు. తరవాత కాగితపు మడతలూ, అల్లికలూ చేర్చాడు. 1851లో ప్రష్యా ప్రభుత్వం ఆ కిండర్‌గార్టెన్లను నిషేధించింది. ఫ్రోబెల్ అన్నకొడుకు సోషలిస్టు భావాలను ఆయనకు అంటగట్టారు. పిల్లలు కొయ్యదిమ్మలు పేర్చుకుంటే 1848 విప్లవం చూసిన ప్రభువులు వణికారు! నిషేధం 1860 దాకా పోలేదు.

రోములో మరియా మాంటిస్సోరి 1907 జనవరిలో తెరిచిన "పిల్లల ఇల్లు" కథ ఇంకా చెప్పుకోదగ్గది. అది శాన్ లొరెంజో అనే కార్మికుల పేట. తల్లిదండ్రులు పనికి పోతే, ఒంటరిగా మిగిలిన పిల్లలు మెట్లూ గోడలూ పాడుచేస్తున్నారని ఇళ్ళ కంపెనీ ఒక గది ఇచ్చింది, గోడలు కాపాడుకోవటానికి! ఆమెకు చక్కగా చెక్కిన కొయ్య అక్షరాలు కావలసివచ్చాయి, చేయించే వీలు లేకపోయింది. అప్పుడు గరుకు కాగితం కత్తిరించి అట్టలకు అంటించింది. ఈనాడు పెట్టెల్లో అమ్మే గరుకు అక్షరాలు అలా లేమిలోంచి పుట్టినవే. ఆ ఏడు చివర, మేడమీద ఆడుతూ సుద్దముక్కతో పొగగొట్టం బొమ్మ వేసిన ఒక అయిదేళ్ళ పిల్లవాడు, ఉన్నట్టుండి తనకు రాయటం వచ్చిందని అరిచి, నేలమీద "మానో" అని రాశాడు. ఇటాలియనులో ఆ మాటకు అర్థం "చెయ్యి".

మాంటిస్సోరి 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంమీద మద్రాసు అడయారుకు వచ్చింది. యుద్ధంవల్ల 1946 దాకా ఈ దేశంలోనే వుండిపోయింది. వేలితో తడిమి అక్షరం నేర్చుకోవటం ఎగ్మూరునుంచి బయలుదేరి, వేరే దోవన అడయారుకు తిరిగివచ్చినట్టయింది. కాని ఈసారి ఖరీదైన కొయ్యసామానుతో వచ్చింది, కలవారి బళ్ళలో దిగింది.

ఈ పద్ధతిని అక్కడినుంచి బీదల వాకిట్లోకి తెచ్చినవాళ్ళు గుజరాతు, మహారాష్ట్రలవాళ్ళు. గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టాడు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్, 1945లో సముద్రం ఒడ్డున బోర్డీ అనే గ్రామానికి వెళ్ళింది. కొయ్యసామాను బదులు గవ్వలు, గులకరాళ్ళు, ఆకులు, గింజలు వాడింది. పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ళ ముంగిలికి వెళ్ళింది. ముంగిలిని అక్కడ అంగణ్ అంటారు. 1975 అక్టోబరు 2న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన శిశు అభివృద్ధి పథకంలో కేంద్రాలకు ఆ పేరే వచ్చింది: అంగన్‌వాడీ.

ఇంట్లో ఆటలతో అక్షరాలు నేర్పాలంటే చింతగింజలు కొనక్కరలేదు. తల్లికి పగలు ఒక గంట మిగలాలి. వరినాట్లకు పోయే తల్లికి ఆ గంట ఎక్కడిది? ఆ గంట ఆమె తరఫున ఇస్తున్నది అంగన్‌వాడీ కార్యకర్త. ఆమె పిల్లలకు వండించి పెట్టాలి, తూకాలు చూడాలి, గర్భిణుల లెక్క రాయాలి, ఫోనులో ఫోటోలు ఎక్కించాలి, ఆ మిగిలిన వేళలో పాట పాడి అక్షరం దిద్దించాలి. కాగితాలమీద మాత్రం ఆమె ఉద్యోగి కాదు, "గౌరవ" కార్యకర్త. ఆమెకు ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12న ఈ స్త్రీలు సమ్మెకు దిగారు. ప్రభుత్వం వారిమీద అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. ఉద్యోగి అని ఒప్పుకోని మనిషి పని మానేస్తే, ఆ పని అత్యవసరమని ప్రభుత్వమే ఒప్పుకోవలసివచ్చింది. సమ్మె 42 రోజులు సాగింది.