త్రాగుడు మాన్పించు సేవ: అది ఒక చదువుగా మారిన చరిత్ర

మన సంఘములు పుట్టిన నాటినుండి పాస్టరుగారి ఇంటి గుమ్మములో వినబడుచున్న మొర ఒకటి కలదు. "అయ్యగారూ, మా ఆయన చేత ఎట్లైనా త్రాగుడు మాన్పించండి." ఈ మాట వినని పాస్టరు ఏ గ్రామములోను ఉండడని మా నమ్మకము. దానికి మనము సాధారణముగా చేయునవి మూడు. ప్రార్థన చేయుదుము. ఆ మనిషిని పిలిపించి బుద్ధి చెప్పుదుము. ఉజ్జీవ కూటములలో అందరి యెదుట నిలువబెట్టి ఒట్టు పెట్టించుదుము. వీటిని మేము తక్కువ చేయుట లేదు. అయితే గత నూరేళ్ళలో ఈ సేవ ఒక విద్యగా ఎదిగినది. దానికి పాఠములు, పరీక్షలు, అర్హతా పత్రములు ఏర్పడినవి. మద్యము, ఇతర మత్తు పదార్థములకు లోనైనవారి మధ్య పనిచేయుటకై ఇచ్చెడి శిక్షణలో చేరి ఆ పాఠములు చదువుచుండగా మాకు ఒక సంగతి తెలిసినది. ఈ విద్యకు పునాదిరాళ్ళు మోసినవారిలో మనవంటి సంఘకాపరులు అనేకులు గలరు. ఆ కథ మన శతవార్షిక సంచికలో ఉండదగినదని తోచి వ్రాయుచున్నాము.

మొదటిది ఒట్టుల కాలము. 1832లో ఇంగ్లండులోని ప్రెస్టన్ పట్టణమున జోసెఫ్ లివ్సే అను జున్ను వర్తకుడును మరి ఆరుగురును మత్తు పానీయము దేనినీ ముట్టమని సంతకములు చేసినారు. 1838 మొదలుకొని ఐర్లండులో థియోబాల్డ్ మాథ్యూ అను కథోలిక గురువు లక్షలాది జనులచేత అట్టి ప్రమాణము చేయించినారు. 1877లో జెనీవాలో లూయీ లూసియన్ రోషా అను పాస్టరు నీలి శిలువ సంఘమును స్థాపించినారు. అదే పట్టణమున పుట్టిన రెడ్ క్రాస్ గాయపడిన సైనికులను ఎత్తుకొనినట్లు, త్రాగుడువలన పడిపోయినవారిని తాము ఎత్తుకొనవలెనని ఆయన ఉద్దేశము. ఒట్టు గొప్పదే. కాని అది మానగలిగినవానికి ఆసరా, మానలేనివానికి రెండవ అవమానము. ఎనిమిదవ దినమున మరల త్రాగినవాడు త్రాగుబోతు మాత్రమే కాదు, దేవుని యెదుట మాట తప్పినవాడు కూడ అయిపోవును. ఇక గుడి మెట్లు ఎక్కడు.

ఈ చిక్కును గమనించినవారిలో ఒకరు అమెరికాలో బోస్టన్ నగరపు ఇమ్మానుయేలు దేవాలయ పాస్టరు ఎల్వుడ్ వూస్టర్. 1906లో ఆయన వైద్యులను తన సంఘ భవనమునకే పిలిపించి, రోగిని మొదట వైద్యుడు పరీక్షించిన తరువాతనే పాస్టరు మాటలాడు పద్ధతిని ఏర్పరచినారు. అక్కడికి సహాయము కోరి వచ్చి బాగుపడిన కోర్ట్నీ బేలర్ అను భీమా ఏజెంటు కొలది కాలములోనే అచ్చటనే జీతముమీద ఇతర త్రాగుబోతులకు సహాయకుడైనాడు. పడి లేచినవాడే పడినవానికి ఉపాధ్యాయుడగుట ఒక ఉద్యోగముగా రూపుకట్టుట మనకు ఇచ్చట కనబడుచున్నది.

1935లో ఓహాయో రాష్ట్రపు ఆక్రన్ పట్టణమున జరిగిన సంగతి చాలమంది వినియే యుందురు. వ్యాపారము చెడి హోటలులో ఒంటరిగా ఉన్న బిల్ విల్సన్, ప్రక్కన సారా గదినుండి వినబడు సందడికి భయపడి, అచ్చటి దేవాలయముల పట్టికలోనుండి ఒక పాస్టరు పేరు ఎన్నుకొని టెలిఫోను చేసినాడు. ఆ పాస్టరు వాల్టర్ టంక్స్. ఆయన చెప్పిన పేర్ల మూలముగా విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుని కలిసికొనెను. ఇద్దరు త్రాగుబోతులు ఒకరి కథ ఒకరు వినిరి. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసము అట్లు పుట్టినది. ఆ పాస్టరుగారు ఆ దినమున ఉపదేశమేమియు చేయలేదు, టెలిఫోను తీసి అడిగినదానికి జవాబు చెప్పినారు. అది చాలినది.

అయితే సహవాసము వేరు, విద్య వేరు. మద్యము దేహములో ఏమి చేయును, మెదడులో ఏమి చేయును, ఇల్లు ఎట్లు చెడును అను వాటిని వరుసగా బోధించు తరగతి మొదట యేల్ విశ్వవిద్యాలయములో 1943 వేసవిలో ప్రారంభమైనది. దానికి ముఖ్యుడు ఇ. ఎం. జెల్లినెక్. ఆ వేసవి పాఠశాలకు వచ్చి బల్లలమీద కూర్చున్న విద్యార్థులలో పాస్టర్లు, బడిపంతుళ్ళు, మద్యపాన విసర్జన సంఘముల స్త్రీలు అనేకులుండిరి. ఎన్నో యేండ్లు వేదికలమీద మద్యమునకు విరోధముగా ప్రసంగించినవారు అక్కడ నోటుపుస్తకము తెరచి మొదటినుండి నేర్చుకొనినారు. 1962లో ఆ కేంద్రము రట్గర్స్ విశ్వవిద్యాలయమునకు తరలినది. ఇంతకుముందే, 1925లో, తాను స్వయముగా మానసిక చికిత్సాలయములో ఉండి వచ్చిన ఆంటన్ బోయ్‌సెన్ అను పాస్టరు, వేదాంత విద్యార్థులు గ్రంథములతోపాటు రోగులను కూడ చదువవలెనని వూస్టర్ ఆసుపత్రిలో శిక్షణ ప్రారంభించినారు. మన వేదాంత కళాశాలలలో ఆసుపత్రి సందర్శనము పాఠముగా ఉన్నదంటే దానికి మూలము అదే.

మిన్నెసోటా రాష్ట్రములోని విల్మర్ ప్రభుత్వ ఆసుపత్రి సంగతి కొంత నిదానముగా చెప్పవలెను. అచ్చట త్రాగుబోతులను పిచ్చివారితోపాటు తాళము వేసి ఉంచుట ఆచారము. 1950 ప్రాంతమున నెల్సన్ బ్రాడ్లీ అను వైద్యుడు, డాన్ ఆండర్సన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఆ తాళములు తీయించినారు. బాగుపడిన త్రాగుబోతులను తమ ప్రక్కన పనిచేయుటకు కూర్చుండబెట్టినారు. 1954లో ఆ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగముల పట్టికలో 'మద్యవ్యసన సలహాదారు' అను క్రొత్త పదవి చేరినది. దానికి అడిగిన అర్హతలు రెండే: హైస్కూలు చదువు, మత్తు లేక గడిపిన రెండు సంవత్సరములు. చదివి పట్టములు పొందినవారిలో కొందరికి ఇది రుచింపలేదు. నిన్నటి రోగి నేడు మనతో సమానముగా కూర్చుండుటయా అని వారి బాధ. ఇవతలివారికి వేరొక బాధ. గ్లాసు పట్టి ఎరుగనివానికి మా దుఃఖము ఏమి తెలియును అని. ఈ తగవు ఇప్పటికిని పూర్తిగా తీరలేదు. మా అభిప్రాయము అడిగినయెడల, అనుభవము తలుపు తీయగలదు గాని లోపలి గదులన్నిటిని చూపలేదు. తనను బాగుచేసిన మార్గమే అందరికిని మార్గమని నమ్ముట బాగుపడినవానికి సులభము. ఆ యాసుపత్రిలోనే పనిచేసిన లూథరన్ పాస్టరు జాన్ కెల్లర్ తన తోటి సేవకుల కొరకు 1966లో త్రాగుబోతుల మధ్య పరిచర్యను గూర్చి ఒక గ్రంథమును ప్రకటించినారు.

చదువు ఎందుకు అవసరమో ఒక్క సంగతితో తెలియును. చాలకాలముగా ప్రతిదినము ఎక్కువగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల ఆరు గంటలనుండి ఒక దినములోపల చేతులు వణకును, చెమట పట్టును, నిద్ర పట్టదు. మొదటి రెండు దినములలో మూర్ఛ రావచ్చును. రెండవ మూడవ దినములలో కొందరికి మతి తప్పును, లేని పురుగులు గోడమీద ప్రాకుచున్నట్లు కనబడును, జ్వరము పెరుగును. దీనిని 1813లోనే థామస్ సట్టన్ అను ఆంగ్ల వైద్యుడు ఒక ప్రత్యేక వ్యాధిగా వర్ణించినాడు. వైద్యము లేనియెడల ప్రాణము పోవచ్చును. అనగా మంచి మనస్సుతో పెట్టించిన ఒట్టు, వైద్యుడు దగ్గర లేనిచోట, ఒక కుటుంబమునకు చావు వార్త కావచ్చును. ఆ స్థితిలోనున్న మనిషిని చూచినవారికి దయ్యము పట్టెనేమో అనిపించును. దేవాలయమునకు మోసుకొని వచ్చెదరు. అప్పుడు అతనికి కావలసినది ఆసుపత్రి మంచము, తగిన మందులు, బి-1 విటమిను.

ఇక మన దేశమునకు వత్తము. మద్రాసులో 1980లో శాంతి రంగనాథన్ గారు టి. టి. రంగనాథన్ క్లినికల్ రిసెర్చ్ ఫౌండేషన్‌ను స్థాపించినారు. త్రాగుడువలన యౌవనములోనే భర్తను పోగొట్టుకొనిన స్త్రీ ఆమె. విదేశమునకు వెళ్ళి ఈ చికిత్సలో శిక్షణ పొంది వచ్చి, ఆ దుఃఖమును ఆసుపత్రిగాను, పాఠశాలగాను మార్చినారు. 1992లో ఆమెకు పద్మశ్రీ బిరుదు లభించినది. 1985లో మత్తు పదార్థముల చట్టము వచ్చినది. ఆ ప్రాంతముననే కేంద్ర ప్రభుత్వము స్వచ్ఛంద సంస్థల వ్యసన విముక్తి కేంద్రములకు ధనసహాయ పథకమును ఆరంభించినది. కేంద్రములు వెలసినవి గాని వాటిలో పనిచేయువారెవరు? ఆ ప్రశ్నకు జవాబుగానే శిక్షణ తరగతులు ఒక్కొక్కటిగా ఏర్పడినవి. 2009లో కొలంబో ప్లాన్ సంస్థ ఈ పనివారికి అర్హతా పత్రము ఇచ్చు వ్యవస్థను నెలకొల్పినది.

మన తెలుగు ప్రాంతమున నిషేధపు కథ పెద్దది, చికిత్స కథ చిన్నది. రాజాజీ 1937లో సేలము జిల్లాలో మద్యనిషేధము ప్రారంభించి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసినారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణము మూయించినారు. 1993 అక్టోబరులో సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చినవి. 1997లో అది సడలినది. ఆ తల్లుల ధైర్యమును మేము వందనముతో తలచుకొందుము. అయితే దుకాణము మూసిన రాత్రి ఇంటిలో వణకుచున్న మనిషిని చూచుకొను విద్య ఆ చట్టములతో రాలేదు. 2015లో తెలంగాణలో, ముఖ్యముగా నిజామాబాదు ప్రాంతమున, కల్తీ కల్లుపై అధికారులు దాడులు చేసినప్పుడు ఇది బయటపడినది. ఆ కల్లులో ఆల్ప్రజోలాము, డయాజిపాము, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు మందులు కలుపుచుండిరి. ఒక్కసారిగా అది దొరకనందున ఎంతోమంది వింతగా ప్రవర్తించుచు, మూర్ఛలతో ఆసుపత్రులకు చేరినారు. తాము త్రాగినది కల్లు అని వారి తలంపు. వారి దేహము అలవాటుపడినది బిళ్ళలకు. ఈ చదువు పేరులో మద్యముతోపాటు 'ఇతర మత్తు పదార్థములు' అను మాట ఎందుకున్నదో ఇంతకంటె మంచి వివరణ మాకు దొరకలేదు.

2019లో ప్రకటింపబడిన జాతీయ సర్వే ప్రకారము మన దేశమున సుమారు 16 కోట్లమంది మద్యము పుచ్చుకొనుచున్నారు. వారిలో 5 కోట్ల 70 లక్షలమందికి సహాయము అవసరము. మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో ఒక విధమైన చికిత్స పొందినట్లు చెప్పినారు. మిగిలిన 37 మందిలో మన సంఘస్థులు లేరని ఏ పాస్టరు చెప్పగలడు?

ఈ శిక్షణలో పాస్టర్లకు కష్టమైన పాఠములు రెండు. ఒకటి, మాటలాడక వినుట. 1983లో విలియం మిల్లర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వివరించిన పద్ధతిలో, మార్పునకు కారణములు రోగి నోటనే రావలెను గాని సలహాదారు నోట రాకూడదు. నలభై నిమిషములు ప్రసంగించుటకు అలవాటుపడిన నాలుకకు ఇది ఎంత భారమో చదువరులు ఊహింపగలరు. రెండవది, రహస్యము కాచుట. శుక్రవారపు ప్రార్థన కూటములో "ఫలాని సోదరుని త్రాగుడు గూర్చి" అని పేరు పెట్టి మనవి చేయుట మన వాడుక. వ్యసన విముక్తి కేంద్రములో పనిచేయువాడు అట్లు చేసినయెడల తన వృత్తి నియమమును మీరినవాడగును.

పాస్టరు వైద్యుడు కానక్కరలేదు. ఎవరిని ఎప్పుడు ఎక్కడికి పంపవలెనో తెలిసినవాడు కావలెను. కొత్తగా వచ్చినవాని వివరములు వ్రాసికొను కాగితములో మొదట అడుగు ప్రశ్నలు మిక్కిలి సామాన్యమైనవి. కడపటిసారి ఎప్పుడు త్రాగితివి? దినమునకు ఎంత? ఇంతకుముందు మానినప్పుడు మూర్ఛ వచ్చినదా? నిద్రమాత్రలు గాని, మరేదైన గాని వాడుచున్నావా? ఇంటిలో నిన్ను చూచుకొనుటకు ఎవరున్నారు? మూర్ఛ వచ్చినదని చెప్పినయెడల ఆ రాత్రే ఆసుపత్రి. కేంద్ర ప్రభుత్వపు ఉచిత టెలిఫోను సంఖ్య 14446. దీనిని సంఘ కార్యదర్శులు గుడి నోటీసు బోర్డుమీద, పురుషులు చెప్పులు విడిచెడి చోట కనబడునట్లు అంటింపవలెనని కోరుచున్నాము.