బొమ్మా? బొరుసా? – ఒక రక్షకుని కథ

దైవం బలీయమా, పురుషకారం బలీయమా అన్న చర్చ మన వాఙ్మయంలో ఎంత పాతదో చదువరులకు చెప్పనక్కరలేదు. దానికి ఉదాహరణ కావలసినప్పుడల్లా మనం ద్యూతసభకే పోతాం. నేనివాళ ఫుట్‌బాల్ మైదానానికి పోతున్నాను. తెలుగు పంతులుకు బంతాటతో ఏం పని అనుకునే మిత్రులు దయచేసి చివరిదాకా చదివి ఆపైన నవ్వాలని మనవి.

ఆల్బెర్ట్ షెస్తెర్న్యోవ్ 1941 జూన్ 20న మాస్కోలో పుట్టాడు. రెండు రోజులకే హిట్లర్ సేనలు సోవియట్ దేశం మీద విరుచుకుపడ్డాయి. అటువంటి ఘడియలో పుట్టిన ఆ బిడ్డ పెరిగి, సైన్యపు జట్టైన సి.ఎస్.కె.ఎ.లో చేరి, 1972లో ఆట విరమించేదాకా దాన్ని విడువలేదు. తోటి రక్షకుల వెనుక, గోల్‌కీపరు ముందు నిలిచి, వాళ్ళను దాటి వచ్చిన బంతిని అడ్డుకునే ‘స్వీపర్’ స్థానం అతనిది. దేశం తరఫున 90 ఆటలాడి ఒక్క గోలూ చెయ్యలేదు. అతని పని గోలు చెయ్యటం కాదు, కానివ్వకపోవటం. జరిగినదానికి లెక్క ఉంటుంది గాని, జరగకుండా ఆపినదానికి లెక్క ఎవరు రాస్తారు?

1964 యూరప్ కప్పు ఫైనల్లో అతని జట్టు మాడ్రిడ్‌లో స్పెయిన్ చేతిలో 2-1 తేడాతో ఓడింది. 1966 ప్రపంచ కప్పులో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ పోటీల్లో సోవియట్ జట్టు అంతకంటే పైకి ఎన్నడూ పోలేదు.

ఇక 1968 జూన్ 5. నేపుల్స్ నగరంలో యూరప్ కప్పు సెమీఫైనల్. ప్రత్యర్థి ఆతిథ్య దేశమైన ఇటలీ. సోవియట్ నాయకుడు షెస్తెర్న్యోవ్. అంతకు ముందటి అంచెలో బుడాపెస్ట్‌లో హంగరీతో 2-0తో ఓడి, మాస్కోలో 3-0తో గెలిచి, కష్టపడి అక్కడికి చేరిన జట్టు అది. నిర్ణీత సమయం గడిచింది, అదనపు సమయమూ గడిచింది. ఎవరూ గోలు చెయ్యలేదు. పెనాల్టీలతో తేల్చే పద్ధతి అప్పటికి నియమాలలో లేదు. ఇద్దరు నాయకులూ రిఫరీతో కలిసి మైదానం వదిలి లోపలి గదికి వెళ్ళారు. అక్కడ నాణెం ఎగిరింది. ఇటలీ నాయకుడు ఫకెట్టి కోరినట్టే పడింది. అతను సంబరంగా బయటికి వచ్చాకగాని ప్రేక్షకులకు ఫలితం తెలియలేదు.

విడ్డూరమేమంటే, ఆ తరువాత ఇటలీ, యుగోస్లావియాల ఫైనల్ 1-1తో సమానమైతే రెండు రోజులాగి మళ్ళీ ఆడించారు. ఇటలీ 2-0తో గెలిచి కప్పు తీసుకుంది. ఫైనల్‌కు రెండవ అవకాశం, సెమీఫైనల్‌కు నాణెం! ఆ నాణేన్ని చూస్తూ నిలబడిన షెస్తెర్న్యోవ్ అంతవరకూ చేసిన పనిలో లోపమేముంది? రెండు గంటలపాటు ఒక్క గోలూ కానివ్వలేదు. రక్షకుడు చెయ్యగలిగింది అంతే. ధర్మరాజు కనీసం ఆడటానికి ఒప్పుకొని కూర్చున్నాడు. ఇతనికి ఒప్పుకోవటం తప్ప గతి లేదు.

1970 మెక్సికో ప్రపంచ కప్పులో, జూన్ 14న, ఉరుగ్వేతో క్వార్టర్ ఫైనల్ కూడా అదనపు సమయానికి పోయింది. సమానంగా ముగిసి ఉంటే మళ్ళీ చీటీలే. కాని 117వ నిమిషంలో, బంతి గీత దాటిందని సోవియట్ ఆటగాళ్ళు ఆగిపోయిన క్షణాన, ఉరుగ్వే గోలు చేసింది. ఆ జూన్ 27నే పెనాల్టీల పద్ధతి నియమాలకెక్కింది. దాన్ని కూడా జూదమనేవారున్నారు. అయినా అక్కడ బంతిని తన్నేది మనిషి కాలు, ఆపేది మనిషి చెయ్యి.

ఆ ఏడాది చివర మాత్రం కథ తిరిగింది. సోవియట్ లీగులో సి.ఎస్.కె.ఎ., డైనమో మాస్కో సమాన పాయింట్లతో నిలిచాయి. ఈసారి ఎవరూ నాణెం తియ్యలేదు. డిసెంబరు 5న తాష్కెంట్‌లో ఆడించారు, 0-0. మరునాడే మళ్ళీ ఆడించారు. 3-1తో వెనుకబడిన సి.ఎస్.కె.ఎ. 4-3తో గెలిచింది. 1951 తరువాత ఆ జట్టుకు అదే మొదటి లీగు విజయం. ఆ సంవత్సరపు ఉత్తమ సోవియట్ ఆటగాడిగా షెస్తెర్న్యోవ్‌నే ఎన్నుకున్నారు. ఒక్క గోలూ చెయ్యనివాని లెక్క చివరికి ఎవరో రాశారన్నమాట.

1982లో అదే జట్టుకు ప్రధాన శిక్షకుడయ్యాడు; మరుసటి ఏటితో ఆ బాధ్యత ముగిసింది. చెప్పుకోదగ్గ విజయం దక్కలేదు. 1984లో, అతను తప్పుకున్నాక, ఆ జట్టు పై శ్రేణి నుండే జారిపోయింది. ఆడటం వేరు, ఆడించటం వేరు. పద్యం కంఠతా వచ్చినవాడల్లా పద్యం చెప్పించలేడని మా వృత్తిలోనివారికి బాగా తెలుసు. తాను సరిదిద్దుకోగల పొరపాటును మరొకరి కాళ్ళతో సరిదిద్దించాలి. మైదానం అంచున నిలబడినవాడు బంతికి అడ్డుపడలేడు. 1994 అక్టోబరు 22న, 53 ఏళ్ళకే అతను కన్నుమూశాడు.

అతని పేరెత్తితే ఎక్కువమందికి గుర్తొచ్చేది నేపుల్స్ నాణెమే. నాకు అది న్యాయమనిపించదు. దైవం ఒక్క క్షణం మాట్లాడింది. పురుషకారం అంతకు ముందు రెండు గంటలూ, ఆ తరువాత తాష్కెంట్‌లో రెండు రోజులూ మాట్లాడింది. ఎవరి మాట చరిత్రలో మిగలాలో చదువరులే చెప్పాలి.