వంగని నడుము కోసం వంచిన కడ్డీ: ట్రాప్ బార్ చరిత్ర, సౌదీ సందర్భం

2023 సెప్టెంబరులో ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలకు రియాద్ నగరం వేదికైంది. స్త్రీలూ పురుషులూ పోటీపడిన ఆ క్రీడోత్సవానికి ఆరేళ్ళ ముందు వరకు, అదే దేశంలో స్త్రీలకోసం వ్యాయామశాల తెరవడానికి సరైన అనుమతి విధానమే లేదు. ఈ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతుంది. బరువులెత్తే సంప్రదాయం కుటుంబంలోనో, బడిలోనో లేని ఒక తరం ఒక్కసారిగా వ్యాయామశాలలో అడుగుపెడితే, ఆ తరం చేతికి ఏ కడ్డీని అందించాలి?

సౌదీ పరిణామక్రమం వేగవంతమైనది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో జూడో క్రీడాకారిణి వుజ్దాన్ షహర్ఖానీ, పరుగు పందెంలో సారా అత్తార్ ఆ దేశం తరఫున పాల్గొన్న తొలి స్త్రీలయ్యారు. 2016 ఏప్రిల్‌లో ప్రకటించిన ‘విజన్ 2030’ ప్రణాళిక, వారానికొకసారైనా వ్యాయామం చేసేవారి సంఖ్యను జనాభాలో 13 శాతం నుంచి 40 శాతానికి పెంచాలని లక్ష్యం పెట్టుకుంది. 2017 ఫిబ్రవరిలో క్రీడా ప్రాధికార సంస్థలో మహిళా విభాగాన్ని నిర్వహిస్తున్న రాకుమారి రీమా బింత్ బందర్, స్త్రీల వ్యాయామశాలలకు లైసెన్సులు ఇవ్వనున్నట్టు వెల్లడించారు. అదే ఏడాది జులైలో ప్రభుత్వ బాలికల పాఠశాలల్లో వ్యాయామ విద్యకు అనుమతి లభించింది.

ఇక కడ్డీ సంగతి. డెడ్‌లిఫ్ట్ అంటే నేలమీద నిశ్చలంగా ఉన్న బరువును నిటారుగా నిలబడేదాకా ఎత్తడం. దీనికి వాడే తిన్నని కడ్డీ మనిషి నడుమును దృష్టిలో పెట్టుకొని పుట్టినది కాదు. అది పోటీల సంతానం. పోటీ చక్రాల వ్యాసం 450 మిల్లీమీటర్లు. అందువల్ల కడ్డీ నేలకు 225 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. ఎత్తేవారు పొడుగైనా పొట్టయినా ఆ ఎత్తు మారదు. పైగా కడ్డీ మోకాటి కిందిభాగానికి ముందు ఉంటుంది కనుక, బరువు శరీరానికి ఎంత దూరమైతే నడుముపై అంత భారం పడుతుంది.

ఈ చిక్కును విప్పినవాడు అల్ జెరార్డ్ అనే అమెరికన్ పవర్‌లిఫ్టర్. తన నడుమునొప్పితో సతమతమవుతూ, 1980లలో ఆయన కడ్డీని వంచి ఒక చట్రంగా మలిచి పేటెంటు పొందాడు. ఎత్తేవారు ఆ చట్రం మధ్యలో నిలబడి, రెండు పక్కలనున్న పిడులను పట్టుకుంటారు. మెడనుంచి భుజాలకు విస్తరించే ట్రపీజియస్ కండరం పేరు మీదుగా దీనికి ట్రాప్ బార్ అని పేరొచ్చింది. ఆరు పలకల రూపం తరవాత వ్యాప్తిలోకి వచ్చింది. సూత్రం మనకు కొత్తది కాదు. కావడి మోసేవాడు బరువును ముందుకు పట్టుకోడు. రెండు పక్కలకూ పంచి తన నిలువుగీతకు దగ్గరగా ఉంచుకుంటాడు.

అనుభవం చెప్పినదాన్ని తరవాత కొలతలు బలపరిచాయి. 2011లో స్వింటన్ బృందం 19 మంది పవర్‌లిఫ్టర్లపై జరిపిన అధ్యయనంలో, ఆరు పలకల కడ్డీతో నడుము, తుంటి కీళ్ళపై పడే భ్రమణబలం తగ్గి, మోకాలిపై పెరిగినట్టు తేలింది. ఎత్తగలిగిన గరిష్ఠ బరువు కూడా సగటున 244.5 కిలోల నుంచి 265 కిలోలకు పెరిగింది. 2016లో కమారా బృందం 20 మందిపై చేసిన పరిశీలనలో తిన్నని కడ్డీ తొడ వెనుక కండరాలకూ వెన్ను కండరాలకూ, ట్రాప్ బార్ తొడ ముందు కండరాలకూ ఎక్కువ పని చెప్పినట్టు కనిపించింది. కాబట్టి ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అనడానికి వీల్లేదు. భారం వేరు వేరు చోట్ల పడుతుంది. పవర్‌లిఫ్టింగ్ పోటీలకు వెళ్ళేవారికి తిన్నని కడ్డీ తప్పదు, అక్కడి నియమాలు అదే కోరతాయి. బలం మాత్రమే కావలసినవారికి ఆ నిర్బంధం లేదు. అమెరికా సైన్యం తన శారీరక పరీక్షలో డెడ్‌లిఫ్ట్‌కు 60 పౌండ్ల, అంటే సుమారు 27 కిలోల, ఆరు పలకల కడ్డీనే ఎంచుకుంది.

ఎంపికలో గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. కడ్డీ బరువు తయారీని బట్టి మారుతుంది. తూచి రాసుకోకపోతే సాధన లెక్కే తప్పుతుంది. ఎత్తుపిడి, పల్లపుపిడి రెండూ ఉన్నది మేలు. తుంటి బిగుసుకున్నవారు ఎత్తుపిడితో మొదలుపెట్టి క్రమంగా కిందికి రావచ్చు. పిడుల మధ్య దూరం భుజాల వెడల్పుకు పొసగాలి. చక్రాలు తొడిగే కొనలు పొట్టిగా ఉంటే బరువు పెరిగేకొద్దీ చోటు చాలదు. సాధనలో పాదాలు తుంటి వెడల్పున, చట్రానికి సరిగ్గా మధ్యన ఉండాలి. పిడిని నడిమధ్యలో పట్టకపోతే చట్రం ముందుకో వెనక్కో ఒరుగుతుంది. ఊపిరి బిగించి, వెన్ను నిటారుగా ఉంచి, నేలను పాదాలతో తొక్కుతున్నట్టు లేవాలి. దించేటప్పుడూ అదే అదుపు ఉండాలి. తొలి నెలల్లో అయిదేసి సార్లు, అలసట చాలక ముందే ఆపగలిగినంత బరువు సరిపోతుంది.

తెలుగువారికి ఈ చరిత్ర పరాయిది కాదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో సంగిడి రాయి ఎత్తే పోటీలున్నాయి. కోడి రామమూర్తి నాయుడు ఆ నేలవాడే. శ్రీకాకుళం జిల్లానుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి, స్త్రీల వెయిట్‌లిఫ్టింగ్‌కు ఒలింపిక్స్‌లో తొలిసారి చోటు దక్కిన 2000 సిడ్నీలోనే 69 కిలోల విభాగంలో 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది.

సౌదీతో మరో బంధం కూడా ఉంది. కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాలనుంచి అక్కడికి వెళ్ళి, నిర్మాణస్థలాల్లో, గోదాముల్లో బరువులెత్తి బతికేవారున్నారు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు ఆరుబయట ఎండలో పని చేయించడాన్ని అక్కడి చట్టం నిషేధిస్తుంది. ఎండనుంచి కాపాడే నియమం అది. నడుమును కాపాడే నియమం అంత స్పష్టంగా రాసుకోవడం తేలిక కాదు. వ్యాయామశాలలో బరువెత్తేవారు తమ కడ్డీని, బరువును, ఆపే క్షణాన్ని తామే ఎంచుకుంటారు. కూలికి ఆ మూడూ లేవు. ఒక క్రీడాకారుడి నొప్పిలోంచి పుట్టిన ఈ చట్రం మనకు నేర్పేది ఇదే: పనిముట్టుకు శరీరం లొంగడం కాదు, శరీరానికి పనిముట్టు లొంగడం సాధ్యమే. ఆ పాఠం వ్యాయామశాల గడప దాటి పనిస్థలం దాకా చేరినప్పుడే దాని చరిత్ర పూర్తవుతుంది.