పాలంపేట ఆలయంలో ఇటుక: శాసనానికెక్కని మట్టిపని

జనగామ ప్రాంతంలోని రఘునాథపల్లి మొదలు భూపాలపల్లి అడవుల దాకా విస్తరించిన పూర్వపు వరంగల్లు జిల్లాలో ఊరు, చెరువు, గుడి ఒకదానినొకటి ఆశ్రయించి వెలసిన గ్రామాలు అనేకం. వాటిలో పాలంపేట ప్రసిద్ధమైనది. 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోను, 2019 నుండి ములుగు జిల్లాలోను చేరిన ఈ గ్రామంలోని రుద్రేశ్వరాలయం, అనగా రామప్పగుడి, 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో స్థానం పొందింది. ఈ ఆలయ శిల్పాన్ని గురించి, ముఖ్యంగా నల్లరాతి మదనికలను గురించి, విస్తారమైన పరిశీలన జరిగింది. ఆలయ శిఖరాన్ని నిలిపిన ఇటుక మాత్రం 'నీటిలో తేలే ఇటుక' అనే వింతగానే ఎక్కువగా ప్రచారం పొందింది. ఆ ఇటుకను వింతగా గాక ఒక వృత్తివిద్యకు సాక్ష్యంగా చూడవలసిన అవసరాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

శాసనం చెప్పినది, జనం చెప్పినది

కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు ఈ ఆలయాన్ని ప్రతిష్ఠించినట్లు శక సంవత్సరం 1135, అనగా క్రీ.శ. 1213 నాటి పాలంపేట శాసనం తెలుపుతుంది. సంస్కృతంలో రచితమైన ఈ ప్రశస్తి కాకతీయ వంశాన్ని, రేచర్ల వంశాన్ని కీర్తించి, దేవునికి చేసిన గ్రామదానాన్ని నమోదు చేసింది. ప్రశస్తి స్వభావమే అది. దాత, దైవం, దానం దాని ప్రధాన విషయాలు.

జనవ్యవహారం మరొక మార్గం పట్టింది. శాసనంలో రుద్రేశ్వరుడైన దేవుని గుడి ప్రజల నోట రామప్పగుడి అయింది. రామప్ప ఆలయ నిర్మాత అయిన శిల్పి అని ఐతిహ్యం. చెరువు పేరు కూడా రామప్ప చెరువే. దాత పేరును రాయి నిలిపితే, శిల్పి పేరును నాలుక నిలిపింది. ఈ రెండింటి నడుమ మరుగున పడినవాడు మూడవవాడు: మట్టి తవ్వి, పిసికి, అచ్చుపోసి, కాల్చి శిఖరానికి ఇటుక అందించినవాడు.

ఈ మౌనం ప్రత్యేకంగా గమనింపదగినది. కీసరగుట్ట బండపై చెక్కి ఉన్న 'తొలచువాండ్రు' అనే మాట తొలినాటి తెలుగు లేఖనాలలో ఒకటిగా సుప్రసిద్ధం. రాయి తొలిచేవారిని తెలిపే మాట అది. అదే కీసరగుట్టలో విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడాలు తవ్వకాల్లో బయటపడ్డాయి. రాతిపనివారికి తమ మాట చెక్కుకోవడానికి బండ ఉంది. ఇటుకపనివారి పని గోడలోనో గచ్చు కిందనో కలిసిపోయింది. కాబట్టి వారి చరిత్రకు ఇటుకే ఆధారం.

బరువు లెక్క

రామప్పగుడి ప్రధానంగా ఇసుకరాతి కట్టడం. స్తంభాలకు, దూలాలకు, మదనికలకు గ్రానైట్, డోలరైట్ వంటి గట్టి రాళ్లు వాడారు. ఎత్తైన ఉపపీఠంపై గర్భగృహం, అంతరాళం, రంగమంటపం నిలిచి ఉన్నాయి. గర్భగృహంపైన లేచిన విమానం మాత్రం ఇటుకతో కట్టినది. దీనికి కారణం రాతి కొరత కాదు. కింద అంత రాతిని మలచినవారు పైన ఇటుకను ఎన్నుకున్నారంటే అది నిర్మాణపరమైన నిర్ణయమే.

గ్రానైట్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.7 గ్రాములు. మామూలు ఇటుకది 1.6 నుండి 1.9 దాకా ఉంటుంది. నీటిపై తేలే ఇటుక సాంద్రత 1 కన్నా తక్కువ ఉండితీరాలి. అంటే అదే పరిమాణంలో గ్రానైట్ శిఖరం కట్టి ఉంటే గర్భగృహపు గోడలపై పడే భారం రెండున్నర రెట్లు దాటేది. ఈ ఆలయపు పునాది ఇసుక నింపిన గోతులపై వేసినది. పైభారం తగ్గించడం, కింద ఇసుక పరుపు వేయడం వేర్వేరు విశేషాలుగా కాక ఒకే ఆలోచనకు రెండు కొసలుగా కనిపిస్తాయి.

ఇటుక తేలికపడే విధానం కుమ్మరి ఆవం ఎరిగినవారికి అపరిచితం కాదు. మట్టిలో ఊక, పొట్టు వంటి కాలిపోయే పదార్థం కలిపి కాల్చితే అది భస్మమై, దాని చోట సన్నని రంధ్రాలు మిగులుతాయి. అయితే పాలు ఎక్కువైతే ఇటుక పెళుసుబారుతుంది, తక్కువైతే బరువు తగ్గదు. వేడి చాలకపోతే లోపలి పొట్టు పూర్తిగా కాలదు. ఈ సమతూకం అనుభవంతో సాధించవలసినది. ఒకటి రెండు ఇటుకలకు కాదు, శిఖరమంతటికీ సాధించవలసినది. అట్టి నైపుణ్యం ఒక్క ఆలయం కోసం ఒక్కనాడు పుట్టేది కాదు.

ఇటుకకు తెలుగునేలపై దీర్ఘచరిత్ర ఉంది. ధూళికట్ట, ఫణిగిరి, నేలకొండపల్లి బౌద్ధ స్థలాలు, చేజెర్లలోని గజపృష్ఠాకార కపోతేశ్వరాలయం అందుకు నిదర్శనాలు. 'ఇష్టక' నుండి ప్రాకృతం మీదుగా వచ్చిన 'ఇటుక' అనే తద్భవం కూడా ఈ పని ఎంతగా జనజీవనంలో కలిసిందో సూచిస్తుంది. కాకతీయుల నాటి పనివారు ఈ వారసత్వాన్ని అందుకున్నవారే.

కనబడే మట్టి, కనబడని మట్టి

దేశంలో మట్టి ఆలయాలనగానే స్ఫురించేవి వంగదేశపు గుళ్లు. బాంకుడా జిల్లా విష్ణుపురంలో మల్లరాజులు కట్టించిన శ్యామరాయ్ ఆలయం (1643), జోడ్ బంగ్లా (1655), మదనమోహన ఆలయం (1694) ప్రసిద్ధాలు. రాయి అరుదైన ఒండ్రునేలలో ఇటుకే రాతి స్థానం వహించింది. కాల్చిన మట్టిపలకలపై కృష్ణలీలలు, వేట, పడవలు, సైనికులు రూపుదిద్దుకున్నారు. పూరింటి కప్పు వంపు గుడికప్పు అయింది. అక్కడ మట్టే ఆలయానికి ముఖం. చూసినవారు మొదట మట్టిపనివాని నేర్పునే మెచ్చుకుంటారు.

పాలంపేటలో పరిస్థితి తలకిందులు. రాయి చేతినిండా ఉన్నచోట మట్టిని పిలిచారు, అదీ అలంకారం కోసం కాదు, భారం తగ్గించడం కోసం. ముఖం రాతిది, ఊపిరి మట్టిది. రోమన్ వాస్తుశాస్త్రజ్ఞుడు విట్రూవియస్ క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దిలోనే స్పెయిన్‌లోను, ఆసియా మైనర్‌లోని పితానేలోను నీటిపై తేలే ఇటుకలు చేసేవారని వ్రాశాడు. వాటి తేలికదనానికి అక్కడి నురగరాతి వంటి మట్టి కారణమని వివరించాడు. అతని దృష్టిలో అది వింత కాదు, కట్టడానికి పనికివచ్చే గుణం. పాలంపేట ఇటుకకూ ఆ దృష్టే న్యాయం చేస్తుంది.

ఒక గుడి, కొన్ని గుళ్లు

1922లో గులాం యజ్దానీ భారత పురావస్తుశాఖ గ్రంథమాలలో ప్రకటించిన ఆంగ్లగ్రంథం శీర్షిక 'పాలంపేట ఆలయాలు' అని బహువచనంలో ఉంది. ప్రధానాలయ ప్రాంగణంలోని ఉపాలయాలు, చెరువు పరిసరాల్లోని చిన్న గుళ్లు కలిసిన సముదాయంగా ఆయన దీనిని చూశాడు. కాలక్రమంలో ఆ బహువచనం ఏకవచనమై, రామప్పగుడి ఒక్కటే పాలంపేటగా మిగిలింది. భూపాలపల్లి జిల్లా గణపురంలోని కోటగుళ్లు ఇరవైకి పైగా ఆలయాల సముదాయం. అక్కడ పైభాగాలు శిథిలమైన గుళ్లు అనేకం. హనుమకొండలో 1163 నాటి వేయిస్తంభాల గుడికి నేడు శిఖరాలు లేవు. రామప్పగుడి శిఖరం నిలిచి ఉండటం వల్లనే ఇటుకపనిని పరిశీలించే అవకాశం మిగిలింది.

సంరక్షణలోనూ రాయికి, ఇటుకకు ఒకే న్యాయం జరగదు. పాలంపేటలోని కామేశ్వరాలయాన్ని పునర్నిర్మాణం కోసం విప్పారు. రాయికి అంకె వేసి విప్పి, తిరిగి అదే స్థానంలో నిలపవచ్చు. ఇటుక చేరికలో వేరు దిగితే, గచ్చు వీడితే, చిట్లిన ఇటుకను అంకెతో తిరిగి నిలపలేము. దాని స్థానంలో కొత్త ఇటుక వస్తుంది. పాత ఇటుక చెత్తకుప్పలో చేరితే దానితోపాటు పొట్టు పాలు, కాల్పు తీరు, అచ్చు కొలత నశిస్తాయి. శాసనప్రతిలో చెరిగిన పంక్తికి ఇచ్చే విలువ ఇక్కడి చిట్లిన ఇటుకకూ ఇవ్వాలి. గణపురం, పాలంపేట పరిసరాల్లోని చిన్న గుళ్ల ఇటుకల కొలతలను సేకరించడం, కుమ్మరుల, ఇటుకపనివారి వృత్తిపదాలను నేటికైనా నమోదు చేయడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. రేచర్ల రుద్రుని పేరును శాసనం కాపాడింది, రామప్ప పేరును ఊరు కాపాడింది. ఇటుక కాల్చినవారి చేతిపనిని కాపాడగలిగేది పరిశోధన ఒక్కటే.