జాబితాలో ఉంటేనే ప్రోగ్రామ్‌కు అనుమతి

2017 మే నెలలో ‘వాన్నాక్రై’ వైరస్ సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను స్తంభింపజేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే సొమ్ము చెల్లించమనే ఈ తరహా వైరస్‌లను రాన్సమ్‌వేర్ అంటారు. ఏళ్ల తరబడి దాచిన రికార్డులు ఒక్క పూటలో చేజారే ప్రమాదం చిన్న కార్యాలయాలకూ ఉంది. దీనిని అడ్డుకునే బలమైన మార్గాల్లో ‘అప్లికేషన్ అలౌలిస్టింగ్’ ఒకటి. గతంలో దీనినే వైట్‌లిస్టింగ్ అనేవారు.

యాంటీవైరస్‌తో తేడా

పాత నేరస్థుల ఫొటోలు దగ్గర పెట్టుకొని వచ్చేపోయే వారిని గమనించే కానిస్టేబుల్ వంటిది యాంటీవైరస్. అనుమానాస్పద ప్రవర్తననూ పసిగడుతుంది కానీ, కొత్తగా పుట్టిన వైరస్ దాని కన్నుగప్పవచ్చు. అలౌలిస్టింగ్ పోలింగ్ కేంద్రం వంటిది. ఓటరు జాబితాలో పేరుంటేనే లోపలికి అనుమతి. లేని వ్యక్తి మంచివాడా, చెడ్డవాడా అన్న విచారణ అక్కడ ఉండదు. అదే రీతిలో సంస్థ ఆమోదించిన ప్రోగ్రామ్‌లు మాత్రమే నడుస్తాయి. ఈ-మెయిల్‌లోనో, పెన్‌డ్రైవ్‌లోనో వచ్చిన అపరిచిత ప్రోగ్రామ్‌పై ఉద్యోగి పొరపాటున క్లిక్ చేసినా అది తెరుచుకోదు.

గుర్తించేది ఇలా

ప్రోగ్రామ్‌ను మూడు విధాలుగా గుర్తిస్తారు. మొదటిది, అది ఏ ఫోల్డర్‌లో ఉందన్నది. ఇది సులభమే అయినా, సాధారణ ఉద్యోగి ఫైళ్లు దాచుకోగల ఫోల్డర్‌ను అనుమతిస్తే రక్షణ వృథా అవుతుంది. రెండోది, తయారీ సంస్థ డిజిటల్ సంతకం. మూడోది ‘హ్యాష్’, అంటే ఫైలు వేలిముద్ర. ఇది కచ్చితమైనది. అయితే ప్రోగ్రామ్‌ను అప్‌డేట్ చేసిన ప్రతిసారీ వేలిముద్ర మారుతుంది కనుక జాబితానూ సవరించాలి.

ఎక్కడ లభిస్తుంది?

2009లో వచ్చిన విండోస్ 7తో పాటు మైక్రోసాఫ్ట్ ‘యాప్‌లాకర్’ను అందుబాటులోకి తెచ్చింది. ప్రస్తుతం ఆ సంస్థ ‘యాప్ కంట్రోల్ ఫర్ బిజినెస్’ను సిఫార్సు చేస్తోంది. రెడ్‌హ్యాట్ లైనక్స్‌లో ‘ఎఫ్‌ఏపాలసీడీ’ ఉంది. ఆస్ట్రేలియా ప్రభుత్వం సంస్థలకు సూచించిన ఎనిమిది ముఖ్య జాగ్రత్తల్లో ఈ నియంత్రణ ఒకటి.

తొందరపడితే చిక్కే

తొలిరోజే నిషేధం విధిస్తే కార్యాలయం పని ఆగిపోతుంది. ముందుగా కంప్యూటర్లలో ఏయే ప్రోగ్రామ్‌లు వాడుతున్నారో లెక్క తీయాలి. తర్వాత కొన్ని వారాలపాటు ‘ఆడిట్’ పద్ధతిలో నడపాలి. ఈ దశలో దేనినీ అడ్డుకోకుండా, నిషేధం ఉంటే ఏవి ఆగేవో నమోదు మాత్రమే చేస్తుంది. తెలుగు టైపింగ్‌కు వాడే అను స్క్రిప్ట్ మేనేజర్, డిజిటల్ సంతకం టోకెన్‌కు సంబంధించిన సాఫ్ట్‌వేర్, మూడు నెలలకోసారి మాత్రమే తెరిచే టీడీఎస్ రిటర్నుల ప్రోగ్రామ్ వంటివి జాబితా నుంచి తప్పిపోయే అవకాశం ఎక్కువ. నెలాఖరు జీతాల బిల్లులు పూర్తయ్యే వరకైనా ఈ పరిశీలన సాగాలి. ఆ తర్వాత ఒక విభాగంలో అమలు చేసి, క్రమంగా మిగిలిన వాటికి విస్తరించాలి. కొత్త ప్రోగ్రామ్ కావాలంటే ఎవరిని అడగాలో, ఎవరు ఆమోదించాలో ముందే నిర్ణయించాలి. లేకుంటే ఉద్యోగులు దొడ్డిదారులు వెతుకుతారు.

ఇదొక్కటే చాలదు

జాబితాలో ఉన్న ప్రోగ్రామ్‌నే దుండగులు ఆయుధంగా మలచుకోవచ్చు. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లలోని మాక్రోలు, విండోస్‌లోని పవర్‌షెల్ ఇందుకు ఉదాహరణలు. కాబట్టి వాటికీ పరిమితులు పెట్టాలి. ఉద్యోగులకు అడ్మినిస్ట్రేటర్ అధికారాలు ఇవ్వరాదు. వాన్నాక్రై వాడుకున్న లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే విడుదల చేసింది. దానిని వేసుకోని కంప్యూటర్లే ఎక్కువగా నష్టపోయాయి. ముఖ్యమైన ఫైళ్ల నకలును నెట్‌వర్క్‌తో సంబంధం లేని చోట భద్రపరచాలి.

ఇన్ని జాగ్రత్తల మధ్యా దాడి జరిగితే దాచిపెట్టడం తగదు. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం ప్రభుత్వ సంస్థలు, కంపెనీలు ఇటువంటి ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాల్సి ఉంటుంది.