మంచు తుపానులు, రహదారి ప్రమాదాలు: అమెరికా అనుభవం

శీతాకాలపు తుపానులో మంచు, గడ్డకట్టే వాన, ఈదురుగాలి ఒక్కోసారి విడివిడిగా, తరచు కలగలిసి వస్తాయి. అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో వీటి కాలం స్థూలంగా నవంబరు నుంచి మార్చి దాకా. రాకీ పర్వతాల్లో అక్టోబరులోనే మొదలై మే దాకా సాగుతుంది. దేశంలోని రహదారుల్లో 70 శాతానికి పైగా ఏటా సగటున 5 అంగుళాలకు మించి మంచు పడే ప్రాంతాల్లోనే ఉన్నాయి. మంచు, ఐసు పేరుకున్న రోడ్ల మీద జరిగే ప్రమాదాల్లో ఏటా 1,300 మందికి పైగా చనిపోతున్నారని, లక్షమందికి పైగా గాయపడుతున్నారని ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ లెక్క. అడుగుల ఎత్తున మంచు పడిన రోజే ప్రమాదం ఎక్కువ అనుకోవడం సహజం. కానీ అలాంటి రోజున జనం చాలావరకు ఇల్లు కదలరు. పేరుమోసిన ప్రమాదాలు కొన్ని పలచటి మంచు పొర మీద, ఊరంతా రోడ్డెక్కిన వేళ జరిగాయి. మంచు ఎంత పడిందన్న దానికంటే ఉష్ణోగ్రత సున్నాకు ఎంత దగ్గరగా ఉంది, ఆ సమయంలో రోడ్డు మీద ఎన్ని బళ్ళున్నాయి అన్నవే ముఖ్యం.

తుపానుల రకాలు

మంచు ఏ రూపంలో పడుతుందన్నది మేఘానికీ నేలకీ మధ్య ఉన్న గాలి పొరలను బట్టి ఉంటుంది. పైనుంచి కింద దాకా గాలి సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉంటే మంచు రేకులుగానే దిగుతుంది. మధ్యలో వెచ్చటి పొర తగిలితే రేకులు కరిగి చినుకులవుతాయి. ఆ చినుకులు మందమైన చల్లటి పొరలోంచి వస్తే మళ్ళీ గడ్డకట్టి గుళికలుగా పడతాయి. దీన్ని స్లీట్ అంటారు. నేల దగ్గరి చల్లటి పొర పలచగా ఉన్నప్పుడు గడ్డకట్టే వ్యవధి దొరకదు. సున్నా కంటే చల్లబడినా చినుకు నీరుగానే దిగి, రోడ్డుకో కొమ్మకో కరెంటు తీగకో తగిలిన క్షణంలో గాజు పూతలా బిగుసుకుంటుంది. ఇదే గడ్డకట్టే వాన. రోడ్డు మీద అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. పావు అంగుళం పూత పేరుకుంటే చాలు, చాలాచోట్ల ఐస్ తుపాను హెచ్చరిక జారీ అవుతుంది. 1998 జనవరిలో కెనడాలోని క్విబెక్, ఒంటారియో రాష్ట్రాల మీద, అమెరికా ఈశాన్య రాష్ట్రాల మీద కురిసిన ఇలాంటి వానకు పేరుకున్న ఐసు బరువు మోయలేక హైటెన్షన్ లైన్ల ఉక్కు టవర్లే కూలిపోయాయి.

బ్లిజార్డ్ అనే మాటకు అమెరికా జాతీయ వాతావరణ సంస్థ ఇచ్చిన నిర్వచనంలో ఎన్ని అంగుళాల మంచు పడాలన్న ప్రస్తావనే లేదు. గంటకు 35 మైళ్ళు (56 కి.మీ.) లేదా అంతకుమించిన వేగంతో గాలి, ఎగిరే మంచు వల్ల పావు మైలు (400 మీటర్లు) కూడా కనపడని స్థితి, కనీసం 3 గంటలు కొనసాగితే అది బ్లిజార్డ్. కొత్తగా ఒక్క రేకైనా పడకుండా, నేలమీది పొడి మంచునే గాలి లేపి బ్లిజార్డ్ సృష్టించిన సందర్భాలు మైదాన రాష్ట్రాల్లో ఉన్నాయి. అట్లాంటిక్ తీరం వెంట వచ్చే పెద్ద తుపానులను నార్ ఈస్టర్లంటారు. మహా సరస్సుల దగ్గర, ఇంకా గడ్డకట్టని నీటి మీదుగా చలిగాలి వీచి తేమ తీసుకుని అవతలి గట్టున కుమ్మరించే మంచును లేక్ ఎఫెక్ట్ అంటారు. ఒక పేటలో అడుగుల కొద్దీ మంచు పడుతుంటే పది మైళ్ళ అవతల ఎండ కాయడం బఫెలో నగరవాసులకు కొత్త కాదు.

రోడ్డు పట్టు తప్పడం

కారు ఆగేది బ్రేకుల వల్ల కాదు, టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న రాపిడి వల్ల. పొడి తారు రోడ్డు మీద రాపిడి గుణకం సుమారు 0.7 ఉంటుంది. అణగదొక్కిన మంచు మీద 0.2, 0.3 మధ్యకు పడిపోతుంది. ఐసు మీద 0.1 చుట్టుపక్కల. గంటకు 80 కి.మీ. వేగంతో వెళ్ళే కారు బ్రేకు వేశాక పొడి రోడ్డు మీద దాదాపు 36 మీటర్లలో ఆగితే, ఐసు మీద 250 మీటర్లు జారుకుంటూ పోతుంది. వేగం సగానికి తగ్గిస్తే ఆగే దూరం నాలుగో వంతుకు, అంటే 63 మీటర్లకు దిగుతుంది. మంచులో నెమ్మదిగా నడపమనే సలహా వెనక ఉన్న లెక్క ఇది.

బాగా చలిగా ఉన్న రోజు కంటే సున్నాకు అటూ ఇటూ ఊగిసలాడే రోజు ఎక్కువ ప్రమాదం. మైనస్ 20 డిగ్రీల దగ్గర ఐసు గట్టిగా, పొడిగా ఉండి టైరుకు కాస్త పట్టు ఇస్తుంది. సున్నా దగ్గర దాని పైన నీటి పొర చేరి అసలే జారే ఐసు మరింత జారుతుంది. బ్లాక్ ఐస్ అనేది ఇలాంటి వేళల్లో ఏర్పడే పారదర్శకమైన పలచటి పూత. దాని రంగు నలుపు కాదు, కిందున్న తారు కనపడుతుంది గనక ఆ పేరు. చూడటానికి తడిసిన రోడ్డులాగే ఉంటుంది. అనుభవమున్న డ్రైవర్లు ముందు వెళ్ళే బండి చక్రాల వెనకకు చూస్తారు. రోడ్డు తడిగా కనిపిస్తున్నా అక్కడ నీటి తుంపర లేవడం ఆగిపోయిందంటే అది నీరు కాదు, ఐసే. వంతెనలు, ఫ్లైఓవర్లు అన్నిటికంటే ముందు గడ్డకడతాయి. మామూలు రోడ్డుకు కింద నేల వెచ్చదనం కొంత ఆసరా అవుతుంది. వంతెనకు పైనా కిందా చలిగాలే.

ఉప్పు, స్నో ప్లౌ

రోడ్ల మీద రాకపోకలు ఆగకుండా చూసే ప్రధాన ఆయుధం ఉప్పు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం 1938లో రోడ్ల మీద ఉప్పు ప్రయోగాలు మొదలుపెట్టింది. ఇప్పుడు అమెరికా ఏటా కోట్ల టన్నుల్లో చల్లుతోంది. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతున ఉన్న గనిలోంచి తవ్వేది కూడా ఎక్కువగా ఈ రోడ్డు ఉప్పే.

ఉప్పు ఐసును కాల్చదు, నీటి గడ్డకట్టే స్థానాన్ని కిందకు దించుతుంది. 23.3 శాతం ఉప్పు ఉన్న ద్రావణం మైనస్ 21 డిగ్రీల దాకా గడ్డకట్టదు. అయితే అది ప్రయోగశాల మాట. చలి పెరిగేకొద్దీ ఉప్పు సత్తువ చాలా వేగంగా తగ్గుతుంది. మైనస్ 1 డిగ్రీ దగ్గర కిలో ఉప్పు 46 కిలోల ఐసును కరిగించగలదు. మైనస్ 7 దగ్గర 9 కిలోలు కూడా కరిగించలేదు. మైనస్ 9 దాటితే రోడ్ల విభాగాలు కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ కలుపుతాయి, లేదా పట్టు కోసం ఇసుక చల్లి సరిపెడతాయి. కొన్నిచోట్ల ఉప్పునీళ్ళలో బీట్ దుంపల రసం కలపడమూ ఉంది. తుపానుకు ముందురోజు ట్యాంకర్లు ఉప్పునీళ్ళు చల్లుతూ పోతాయి. ఆరిపోయాక హైవే పొడవునా సన్నటి తెల్లటి గీతలు కనిపిస్తాయి. పడిన మంచు రోడ్డుకు అంటుకోకుండా ఆపడం దీని పని. అంటుకున్న ఐసును గోకి తీయడం కంటే అంటుకోకుండా చూడటం చాలా తేలిక, చవక. తుపాను వానతో మొదలైతే మాత్రం ఈ ఉప్పంతా కొట్టుకుపోతుంది.

ఈ ఉప్పుకు వేరే ఖర్చు కూడా ఉంది. వాగుల్లో, బావుల్లో క్లోరైడ్ చేరుతుంది, వంతెనల ఇనుప చువ్వలు తుప్పు పడతాయి, కార్ల అడుగు భాగాన్ని తుప్పు తినేస్తుంది. ఉత్తరాది రాష్ట్రాల్లో నడిచిన సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళు ముందు వంగి కిందకు చూసేది ఇందుకే.

మంచు తోసే బళ్ళు, అంటే స్నో ప్లౌలు, ఫ్రీవే మీద ఒకదాని వెనక ఒకటి కాస్త పక్కకు జరిగి ఏటవాలు వరసలో వెళ్తూ మంచును లేనుల మీదుగా అంచుకు తోస్తాయి. వాటిని దాటి ముందుకు వెళ్ళడం తెలివితక్కువ పని. శుభ్రమైన రోడ్డు వాటి వెనకే ఉంటుంది, ముందు ఉండదు.

కొన్ని తుపానులు

1978 ఫిబ్రవరి 6, 7 తేదీల్లో న్యూ ఇంగ్లండ్‌ను ముంచిన తుపానులో బోస్టన్‌లో 27 అంగుళాల మంచు పడింది. ఆఫీసుల నుంచి ఇళ్ళకు బయలుదేరిన జనం దారిలో ఇరుక్కున్నారు. బోస్టన్ శివార్లలోని రూట్ 128 హైవే మీద 3,000కు పైగా కార్లు, వందల ట్రక్కులు కూరుకుపోయాయి. మంచులో మూసుకుపోయిన కార్లలో ఇంజన్ నడుపుకుంటూ కూర్చున్న కొందరు కార్బన్ మోనాక్సైడ్‌కు బలయ్యారు. గవర్నర్ మైకేల్ డుకాకిస్ తూర్పు మసాచుసెట్స్‌లో కార్ల రాకపోకలను రోజుల తరబడి నిషేధించారు.

2014 జనవరి 28న అట్లాంటాలో పడింది రెండు అంగుళాల పైచిలుకు మంచే. అయితే మధ్యాహ్నం వేళకు బడులు, ప్రభుత్వ కార్యాలయాలు, కంపెనీలు దాదాపు ఒకేసారి జనాన్ని ఇళ్ళకు పంపేశాయి. కార్లన్నీ ఒక్కసారిగా రోడ్లెక్కడంతో ఉప్పు ట్రక్కులు కదలడానికి సందు లేకపోయింది. చక్రాల కింద నలిగిన మంచు ఐసైంది. పిల్లలు బడుల్లోనూ, కొందరు స్కూలు బస్సుల్లోనూ ఆ రాత్రి గడిపారు.

2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో ఇంటర్‌స్టేట్ 35డబ్ల్యు టోల్ లేన్లలో 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఆరుగురు చనిపోయారు. ముందే ఉప్పునీళ్ళు చల్లిన రోడ్డే అది. దాని మీద పడింది గడ్డకట్టే తుంపర మాత్రమే, మంచు గుట్టలేమీ లేవు. లేన్లకు రెండు వైపులా కాంక్రీటు గోడలుండటంతో వెనక వచ్చే బళ్ళకు తప్పుకునే చోటు లేకపోయింది. తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో స్థిరపడిన డాలస్, అట్లాంటా ప్రాంతాలకు ఈ రెండు ఉదంతాలూ దగ్గరివి. మంచు అరుదుగా పడే ఊళ్ళలో స్నో ప్లౌలు తక్కువ, వింటర్ టైర్లు దాదాపు ఉండవు, నడిపేవాళ్ళకు అలవాటుండదు. అందుకే బఫెలోలో మామూలు రోజనిపించే మంచు అక్కడ ఊరినే ఆపేస్తుంది.

2022 జనవరి 3న వర్జీనియాలో ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర వాన కాస్తా గంటకు రెండంగుళాల మంచుగా మారింది. ఎక్కుడు రోడ్డులో ట్రక్కులు అడ్డం తిరిగి ఇంటర్‌స్టేట్ 95 మీద సుమారు 40 మైళ్ళ పొడవున వందల వాహనాలు నిలిచిపోయాయి. సెనెటర్ టిమ్ కేన్ వాషింగ్టన్ చేరడానికి 27 గంటలు పట్టింది. ఆ వరుసలో చిక్కిన ఒక బ్రెడ్డు లారీ తలుపులు తెరిచి చుట్టుపక్కల కార్లవాళ్ళకు రొట్టెలు పంచారు. ప్రాణనష్టం జరగలేదు.

ఆ ఏడాది చివర క్రిస్మస్ ముందు బఫెలోలో అలా కాలేదు. డిసెంబరు 23న మొదలైన బ్లిజార్డ్ 37 గంటలు ఆగలేదు. 50 అంగుళాలకు పైగా మంచు పడింది. హెచ్చరికలు రోజుల ముందే ఉన్నాయి. ప్రయాణ నిషేధం మాత్రం తుపాను వచ్చిపడ్డ ఉదయం 9.30కి అమల్లోకి వచ్చింది. అప్పటికే చాలామంది పనులకు బయలుదేరారు. ఫైరింజన్లు, అంబులెన్సులు, సాయానికి వెళ్ళిన స్నో ప్లౌలు సైతం కూరుకుపోయాయి. బఫెలో ఉన్న ఈరీ కౌంటీలో 40 మందికి పైగా చనిపోయారు, కొందరు కార్లలోనే. నిషేధం ఆలస్యమైందన్న విమర్శ ఆ తర్వాత గట్టిగా వచ్చింది. మంచు అలవాటున్న ఊరికి పరికరాలున్నా, కన్ను కానని గాలిలో అవి పనిచేయవని అక్కడ తేలింది.

ప్రయాణ నిషేధాలు, టైర్ల నిబంధనలు

ఒహాయోలో రోడ్ల పరిస్థితిని మూడు స్థాయులుగా ప్రకటిస్తారు. మూడో స్థాయిలో అత్యవసర సిబ్బంది తప్ప మిగతావాళ్ళు బండి తీస్తే అరెస్టు కావచ్చు. కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా కనుమల దగ్గర మంచు పడినప్పుడు చక్రాలకు గొలుసులు గానీ వింటర్ టైర్లు గానీ లేని కార్లను వెనక్కు పంపుతారు. కెనడాలోని క్విబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి. 7 డిగ్రీల కంటే చల్లబడితే మామూలు టైరు రబ్బరు బిరుసెక్కుతుంది, వింటర్ టైరు మెత్తగానే ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో 511 నంబరుకు ఫోన్ చేస్తే రోడ్ల స్థితి చెబుతారు.

బండి నడిపేటప్పుడు

బయలుదేరే ముందు అద్దాలతో పాటు కారు పైకప్పు మీది మంచు కూడా తుడవాలి. బ్రేకు వేసినప్పుడు అది జారి ముందు అద్దాన్ని కప్పేస్తుంది, వేగంలో పలకలుగా లేచి వెనక బండి మీద పడుతుంది. అద్దం మీది ఐసును వేడినీళ్ళతో కరిగించబోతే అద్దం పగలొచ్చు.

స్టీరింగ్, బ్రేకు, యాక్సిలరేటరు మూడింటినీ మెల్లగానే కదపాలి, ఒకేసారి రెండు పనులు చేయకూడదు. ముందు బండికి 8 నుంచి 10 సెకన్ల దూరం ఉంచాలి. క్రూజ్ కంట్రోల్ వాడకూడదు. ఏబీఎస్ ఉన్న కారులో బ్రేకును గట్టిగా తొక్కి పట్టే ఉంచాలి. పాదం కింద పెడలు దడదడలాడటం దాని పనితీరే గాని లోపం కాదు. వెనక చక్రాలు జారితే యాక్సిలరేటరు వదిలి, వెళ్ళాల్సిన వైపుకే చూస్తూ అటే స్టీరింగ్ తిప్పాలి. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే కార్లు మంచులో తేలిగ్గా కదులుతాయి. ఆగడంలో వాటికి ఏ అదనపు సుగుణమూ లేదు. ఆగస్టులో చదువుకు చేరి డిసెంబరులో తొలి మంచు చూసే విద్యార్థులు ఖాళీ పార్కింగ్ స్థలంలో ఒకటి రెండు సార్లు కావాలనే బ్రేకు వేసి కారు ఎలా జారుతుందో తెలుసుకోవడం మంచిది.

దారిలో చిక్కుకుంటే

తుపానులో ఆగిపోయిన కారును వదిలి నడవకూడదు. కురిసే మంచులో వంద అడుగులు పోయేసరికే కారెటుందో తెలియకపోవచ్చు. ఇంజన్ గంటకు పది నిమిషాలు నడిపితే చాలు. నడిపే ప్రతిసారీ ముందు దిగి ఎగ్జాస్టు గొట్టం చుట్టూ మంచు తవ్వాలి, గాలి తగలని వైపు అద్దం కొద్దిగా దించాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తలనొప్పి, మగత వంటివే దాని గుర్తులు. ఎలక్ట్రిక్ కారుకు ఈ బెడద లేదు. తగినంత చార్జింగ్ ఉంటే గంటల తరబడి వేడి నిలుపుతుంది, కాకపోతే చలిలో దాని ప్రయాణ దూరం తగ్గుతుంది. దాహానికి మంచు తింటే ఒంట్లో వేడి పోతుంది. ట్రంకులో దుప్పటి, చిన్న పార, టార్చి, నీళ్ళు, తినడానికేమైనా, ఫోను చార్జరు, చక్రాల కింద పోయడానికి సంచెడు ఇసుక ఉంచుకోవడం ఉత్తరాదిన మామూలు అలవాటు. పెట్రోలు సగానికి తగ్గకుండా చూసుకుంటారు.

తుపాను వెలిశాక

ఎండ కాసిన మధ్యాహ్నం రోడ్డు పక్కన పోసిన మంచు కరిగి లేనుల మీదకు పారుతుంది, పొద్దుగూకగానే గడ్డకడుతుంది. మర్నాడు ఉదయం ఆఫీసు వేళ జరిగే ప్రమాదాల్లో దీని పాత్ర పెద్దది. కూడళ్ళలో ప్లౌలు తోసిన మంచు గుట్టలు అడ్డు రోడ్డును కనపడనీయవు. పగుళ్ళలోకి దిగిన నీరు గడ్డకట్టి ఉబ్బి, కరిగి, మళ్ళీ ఉబ్బి తారును పెకలించి గుంతలు చేస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రోడ్ల విభాగాలకు సగం పని ఆ గుంతలు పూడ్చడమే.